సిరొంచ అడవిలో పిడుదు: పురుగు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు

కోతుల జ్వరం మొదట బయటపడింది 1957లో. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో ఉన్న క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపోయాయి. ఆ అడవికి కట్టెలకూ పశువుల మేతకూ పోయివచ్చే జనం కూడా అదే సమయంలో జ్వరంతో మంచాన పడ్డారు. ఆ అడవి పేరుతోనే దీన్ని క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ అన్నారు, పొట్టిగా కేఎఫ్‌డీ. అడవి పిడుదు కుట్టడం వల్ల మనిషికి సోకే వైరస్ జబ్బు ఇది. ఆ తర్వాత దాదాపు 55 ఏళ్లపాటు ఇది శివమొగ్గ, ఉత్తర కన్నడ, చిక్కమగళూరు, దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాల జబ్బుగానే పేరుబడింది. 2012లో కర్ణాటక బండీపుర్ అడవిలో, దాని పక్కనే తమిళనాడు నీలగిరుల్లో దీని ఆనవాళ్లు దొరికాయి. 2013లో కేరళ వయనాడ్, 2014లో మలప్పురం, 2015లో గోవాలోని సత్తరి తాలూకా, 2016లో మహారాష్ట్రలో సింధుదుర్గ్ జిల్లా దోడామార్గ్. అయిదేళ్లలో అయిదు రాష్ట్రాల జబ్బయింది.

సింధుదుర్గ్ మహారాష్ట్రకు ఒక కొస అయితే గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా ఇంకో కొస. మధ్యన గీత గీస్తే ఏడు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఒక పక్క ప్రాణహిత, కింద గోదావరి, తూర్పున ఇంద్రావతి. అంకీసా, ఆసరెల్లి లాంటి ఊళ్లలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి లోపలికి పోతే గోండీ, మాడియా. ఇక్కడి వాళ్లకు పిడుదు కొత్త కాదు. ఎద్దు చెవిలో, మేక పొదుగు పక్కన, కుక్క మెడ కింద పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పురుగే. కొందరు గోమారి అంటారు. మరి కొత్తగా ఏం రావాలి, ఏం వస్తే భయపడాలి? పేపర్లో "పిడుదుల జ్వరం వ్యాపిస్తోంది" అని హెడ్డింగ్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయరు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. గడ్చిరోలిలో కోతుల జ్వరం ఉందని ఈ వ్యాసం అనడం లేదు. పిడుదు ఉండటం వేరు, దానిలో క్రిమి ఉండటం వేరు, ఆ క్రిమిని పెంచే జంతువు ఉండటం వేరు, అదే నెలలో మనిషి అదే చెట్ల కింద కూర్చోవడం వేరు. ఈ నాలుగూ ఒకచోట కలిస్తేనే జబ్బు. కలిసినా, దాన్ని గుర్తుపట్టి రాసుకునే వాళ్లు లేకపోతే అది "జబ్బు లేని జిల్లా"గానే ఉండిపోతుంది. కొత్త ప్రాంతాలకు వ్యాపించడం అని మనం అనుకుంటున్న దానిలో కొంత నిజంగా వ్యాపించడమే. ఇంకొంత, ఎప్పటినుంచో ఉన్నది ఇప్పుడు కంటపడటం. సరిహద్దు తాలూకాల్లో ఈ రెండింటినీ విడదీయడం మరీ కష్టం.

నడవని పురుగు అంత దూరం ఎలా పోతుంది

పిడుదు ఎగరలేదు, దూకలేదు. చాలా రకాలు సొంత కాళ్ల మీద బతుకంతా నడిచినా కొన్ని మీటర్లు దాటవు. గుడ్డు నుంచి ఆరు కాళ్ల పిల్ల వస్తుంది. అది ఒకసారి నెత్తురు తాగి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల పిల్ల అవుతుంది. అది మళ్లీ ఒకసారి తాగి పెద్ద పురుగవుతుంది. ఆకలేసినప్పుడు గడ్డిపోచ చివరికో, పొద కొమ్మకో ఎక్కి ముందు కాళ్లు చాపి కూర్చుంటుంది. ఆ కాళ్లలోనే వాసన పట్టే అవయవం ఉంది. జంతువు వదిలే ఊపిరి, ఒంటి వేడి దానికి అందుతాయి. రాసుకుంటూ పోయిన దాన్ని పట్టుకుంటుంది. లాలాజలంలో తిమ్మిరెక్కించే పదార్థం ఉండటంతో కుట్టినట్టు తెలియదు. అందుకే "నన్నేదీ కుట్టలేదు" అని రోగి చెప్పే మాటకు డాక్టర్ దగ్గర పెద్ద విలువ ఉండకూడదు.

కొన్ని రకాలు ఒకే పశువు మీద మూడు దశలూ గడిపేస్తాయి. మన పాడిపశువుల మీద గుంపులుగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అలాంటిది. కోతుల జ్వరాన్ని మోసే హీమాఫైసాలిస్ స్పినిజెరా తీరు వేరు. దశకో జంతువు మారుతుంది. చిన్నప్పుడు ఎలుక, చుంచు, పిట్ట, కోతి. పెద్దయ్యాక ఆవు, ఎద్దు, దున్న, జింక. మనిషిని ఎక్కువగా పట్టేది మధ్య దశలోని ఎనిమిది కాళ్ల పిల్లే. నువ్వు గింజ కన్నా చిన్నది, తొడ మీదో చంకలోనో ఉంటే కంటికి ఆనదు. చిన్న దశలో వైరస్ ఉన్న ఎలుకనో కోతినో కుట్టి ఉంటే, కుబుసం విడిచాక కూడా ఆ వైరస్ దానిలోనే ఉంటుంది.

కాబట్టి పిడుదు వ్యాపించిందంటే దాన్ని ఎవరో మోసుకొచ్చారనే అర్థం. మోసేవాళ్లలో పిట్టలున్నాయి, అడవి జంతువులున్నాయి, అన్నిటికన్నా ఎక్కువగా మనుషులు తోలుకొచ్చే పశువులున్నాయి. తూర్పు ఆసియాకు చెందిన హీమాఫైసాలిస్ లాంగికార్నిస్ అనే పిడుదు 2017లో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక గొర్రె మీద గుంపులుగా దొరికింది. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెట్టగలదు కాబట్టి ఒక్క ఆడపురుగు చేరినా చాలు. ఇప్పుడు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉంది. ఐరోపాలో ఇంకో కథ. స్వీడన్‌లో చలికాలాలు మెత్తబడ్డాక అక్కడి పిడుదు ఉత్తరం వైపు పాకింది. వాతావరణం మారడం వల్ల పిడుదులు వ్యాపిస్తున్నాయనే మాట ఎక్కువగా అలాంటి చలి దేశాల అనుభవం నుంచి వచ్చింది. దాన్ని ఎత్తుకొచ్చి గడ్చిరోలి ఉన్న విదర్భకు అతికించడం తొందరపాటు. మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట వేడి ఇంకా పెరిగితే పిడుదుకు లాభమే అని చెప్పలేం. చాలా రకాలు తేమ లేకపోతే ఎండిపోయి చస్తాయి. సిరొంచ అడవిలో వాటికి బతుకుదెరువు వాగుల పక్కన, వెదురు గుబుర్ల కింద, మందంగా పరుచుకున్న ఆకుల అడుగున. ఇప్పచెట్ల కింద పువ్వు ఏరడానికి వీలుగా ఆకులకు నిప్పు పెట్టే అలవాటు ఈ అడవుల్లో ఉంది. అటవీ శాఖకు అది పెద్ద తలనొప్పి. ఆకులతోపాటు పిడుదులూ కాలుతాయి గానీ, అందుకోసం అడవి తగలబెట్టమని ఎవరూ సలహా ఇవ్వరు కదా.

క్యాసనూరు నేర్పింది

1957లో శాస్త్రవేత్తలకు మొదట వచ్చిన అనుమానం ఎల్లో ఫీవర్. కోతులు చావడం, మనుషులకు జ్వరం రావడం దాని లక్షణం. అది కాదని తేలింది. వైరస్ చూస్తే సైబీరియా వైపు కనిపించే పిడుదుల మెదడువాపుకు దగ్గరి చుట్టం. అంత దూరం నుంచి ఇక్కడికెలా వచ్చింది? వలస పిట్టలు మోసుకొచ్చాయేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959 నుంచి పిట్టలను పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, వాటి మీది పిడుదులను ఏరించింది. పిట్టల వలస గురించి మన దేశానికి తెలిసిన ఎన్నో సంగతులు ఆ పనిలో తెలిసినవే. వైరస్‌ను పిట్టలే తెచ్చాయన్న రుజువు మాత్రం దొరకలేదు.

అప్పుడు అడవి అంచును చూశారు. జనాభా పెరిగింది, అడవిని కొట్టి పొలం చేశారు, పశువులను అడవిలోకి మేపుకు తోలారు. పెద్ద పిడుదుకు పుష్కలంగా నెత్తురు దొరికింది. ఆవుకు ఈ జబ్బు రాదు, దాని వల్ల వైరస్ కూడా పెద్దగా పెరగదు. కానీ పిడుదుల సంఖ్యను పెంచేది అదే. ఎలుకలూ చుంచులూ వైరస్‌ను నిలబెడతాయి, కోతులు దాన్ని ఒక్కసారిగా పెంచుతాయి. చచ్చిన కోతి ఒంటి మీది పిడుదులు దిగి ఆ చుట్టుపక్కల నేల మీద పరుచుకుంటాయి. అందుకే కోతి చచ్చిన చోటు చుట్టూ 50 అడుగుల మేర మలాథియాన్ పురుగుమందు పొడి చల్లాలని నియమం వచ్చింది. 1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడి తోట కోసం అడవిని నరికాక పెద్ద ఎత్తున జబ్బు లేచింది. నరికే పనికి పోయిన కూలీలే ముందు పడ్డారు. 2015 తర్వాత గోవాలో, సింధుదుర్గ్‌లో కూడా జీడి తోటల్లో పనిచేసేవాళ్లే ఎక్కువగా రోగులయ్యారు. జీడిపండ్లు ఏరే కాలం, పిడుదు పిల్లలు ఆకుల్లో కాచుకుని ఉండే కాలం ఒకటే.

ఇప్పుడు ఆ తేదీల వరస మళ్లీ చూడండి. 2012 నుంచి 2016 దాకా అయిదేళ్లలో వైరస్‌కు రెక్కలొచ్చాయా? ఆ రోజుల్లోనే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కేఎఫ్‌డీకి ఆర్‌టీపీసీఆర్ (వైరస్‌నే పట్టేది), ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను పట్టేది) పరీక్షలను సిద్ధం చేసింది. మణిపాల్ వైరాలజీ కేంద్రం తాలూకా స్థాయి ఆసుపత్రుల్లో కారణం తెలియని జ్వరాల నమూనాలు తీసి పరీక్షించడం మొదలుపెట్టింది. గోవా, సింధుదుర్గ్ కేసులు బయటపడటంలో ఆ నిఘా పాత్ర పెద్దది. అంతకుముందు అక్కడ ఇదే జ్వరంతో మనుషులు చనిపోయి ఉండవచ్చు, డెంగీ అనో లెప్టో (ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం) అనో రాసి ఉండవచ్చు. పశ్చిమ కనుమల పొడవునా ఒకే రకం అడవి, ఒకే రకం కోతులు, ఒకే రకం పిడుదు. కాబట్టి వైరస్ అక్కడ పాకడం నమ్మదగ్గదే. కానీ పటం మీద ఎర్రచుక్కలు ఎంత వేగంగా పెరిగాయో వైరస్ కూడా అంతే వేగంగా కదిలిందని అనుకోవడానికి లేదు.

స్పినిజెరా పిడుదు కనుమల సొత్తు కాదు. దక్షిణ, మధ్య భారతదేశపు అడవుల్లో విస్తారంగా ఉన్నదే. కోతుల సంగతికి వస్తే, గడ్చిరోలి నిండా కొండెంగలు ఉన్నాయి. కర్ణాటకలో ఈ జబ్బుతో చచ్చే రెండు రకాల్లో కొండెంగ ఒకటి. రెండోది దక్షిణాది ఎర్రమూతి కోతి. ఉత్తరాది రీసస్ కోతికీ దక్షిణాది కోతికీ తూర్పున గోదావరిని చాలాకాలం హద్దుగా చెప్పేవారు. ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది, రీసస్ కోతులు గోదావరి దాటి దక్షిణానికి జరుగుతున్నాయి. అరటి గెల కోసం లారీ ఎక్కే కోతికి నది ఒక లెక్కా! మొత్తానికి పిడుదు ఉంది, కొండెంగ ఉంది, పశువు ఉంది, మనిషి ఉన్నాడు. కనుమల నుంచి ఇక్కడిదాకా అడవి ఏకధారగా లేదు, మధ్యలో మరాఠ్వాడా మెట్ట, పత్తి చేలు వందల కిలోమీటర్లు అడ్డం ఉన్నాయి. ఆ ఎడమే ఇప్పటికి సిరొంచకు రక్ష.

మందతో వచ్చేది

ఆ మెట్ట అడ్డం కాని పిడుదు ఒకటుంది, హయలోమా. కాళ్ల మీద పట్టీలు పట్టీలుగా ఉంటుంది, ఎండను ఓర్చుకుంటుంది, గడ్డిపోచ మీద కూర్చుని ఎదురుచూడకుండా జంతువు వెంట పరుగెత్తే రకాలు దీనిలో ఉన్నాయి. క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరాన్ని మోసేది ఇదే. మన దేశంలో ఆ జ్వరం 2011 జనవరిలో గుజరాత్‌లో, అహ్మదాబాద్ జిల్లా సానంద్ దగ్గరి కోలాట్ ఊళ్లో నిర్ధారణ అయింది. మొదటి రోగితోపాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరూ నర్సూ చనిపోయారు. తర్వాత గుజరాత్, రాజస్థాన్‌లలో అడపాదడపా వస్తూనే ఉంది. 2020 సెప్టెంబర్‌లో గుజరాత్‌ను ఆనుకున్న మహారాష్ట్ర పాల్‌ఘర్ జిల్లాలో అధికారులు పశువుల విషయంలో జాగ్రత్త చెప్పారు. సోకినవారిలో నూటికి 10 నుంచి 40 మంది దాకా చనిపోయే జబ్బు ఇది. కోతుల జ్వరంలో ఆ లెక్క 3 నుంచి 5. ఇంకో తేడా కూడా ముఖ్యమే. కోతుల జ్వరం మనిషి నుంచి మనిషికి అంటదు, ఇది నెత్తురు ద్వారా అంటుతుంది.

పశువుకూ గొర్రెకూ ఈ వైరస్ సోకితే పైకేమీ కనిపించదు. వారం రోజులపాటు నెత్తురులో ఉండి పోతుంది. ఆరోగ్యంగా కనిపించే మంద నిక్షేపంగా సంతకు వస్తుంది. కోసేవాడికి, చర్మం తీసేవాడికి, పిడుదును వేళ్లతో పీకి రెండు గోళ్ల మధ్య చిదిమేవాడికి ప్రమాదం. చిదమడం అనేది తెలంగాణ, విదర్భ పల్లెల్లో ఎంత మామూలు పనో చెప్పనక్కరలేదు.

విదర్భలో కచ్ నుంచి వచ్చిన రబారీ కాపరులు తరాలుగా గొర్రెలు, మేకలు, ఒంటెలతో తిరుగుతున్నారు. ఇలాంటి సంగతి రాయగానే వేలు వాళ్ల వైపు పోతుంది. అది అన్యాయమే కాదు, లెక్క ప్రకారం తప్పు కూడా. నడిచి వచ్చే మంద నెలల తరబడి వస్తుంది, దారిలో పిడుదులు రాలిపోతాయి. లారీలో మంద రెండు రాత్రుల్లో రాష్ట్రాలు దాటుతుంది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం పెట్టి, ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి లక్షల జీవాలను లారీల్లో తెప్పించింది. పథకం మంచిచెడ్డల మీద బోలెడు చర్చ జరిగింది, కేసులూ నడిచాయి. ఆ జీవాల ఒంటి మీద ఏ పిడుదులు ప్రయాణించాయన్న చర్చ మాత్రం జనంలో ఎక్కడా వినిపించలేదు.

హయలోమా మనిషికి అరుదుగా చేసే హాని కన్నా పశువుకు రోజూ చేసే హాని పెద్దది. అది మోసే థైలేరియా అనే క్రిమి సోకిన విదేశీ జాతి జెర్సీ ఆవుకో హెచ్‌ఎఫ్ ఆవుకో గట్టి జ్వరం వచ్చి, గ్రంథులు ఉబ్బి, పాలు ఎండిపోయి, మందు ఆలస్యమైతే ప్రాణం పోతుంది. బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది గానీ పేద రైతుకు ఆ ఖర్చు బరువే. మైక్రోప్లస్ మోసే బబేసియా అనే క్రిమి సోకితే మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వస్తుంది. ఇక్కడి నాటు పశువులు, గడ్చిరోలి, చంద్రపూర్ ప్రాంతపు కఠాణీ జాతి గానీ, ఒడిశా కొసన మల్కన్‌గిరిలోని మోటు జాతి గానీ, పాలు తక్కువిచ్చినా పిడుదుల తాకిడిని బాగా తట్టుకుంటాయి. సబ్సిడీ మీద బయటి నుంచి తెచ్చిచ్చిన పాడి ఆవు ఏడాది తిరక్కుండా చచ్చిపోతే "మేపడం చేతకాలేదు" అని రైతు మీద నెడతారు. అడవి అంచు ఊరికి ఏ జాతి ఇవ్వాలన్నది ఆలోచించాల్సింది ఇచ్చినవాళ్లు.

పిడుదుల మందు సంగతీ ఇక్కడే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి దేశంలో చాలాచోట్ల పనిచేయడం తగ్గింది. మందుకు లొంగని పిడుదులు పెరిగాయి. సీసా మూతతో ఇంతని పోసి, నీళ్లు ఎక్కువ కలిపి, పశువు వీపు మీద మాత్రమే కొట్టి వదిలేస్తే చావాల్సినవి చస్తాయి, గట్టివి మిగిలి గుడ్లు పెడతాయి. కడుపు నిండిన ఆడ మైక్రోప్లస్ రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. హయలోమా కొట్టం గోడల పగుళ్లలో దాక్కుంటుంది. పశువు మీద ఎంత కొట్టినా ఆ పగుళ్లు పూడ్చి సున్నం వేయకపోతే నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తుంది. ఇంకొకటి: ఒక రైతు మందు కొట్టి, అదే బీట్లో మేసే పక్క పది ఇళ్లవాళ్లు కొట్టకపోతే లాభం లేదు. ఊరంతా ఒకే వారం కొట్టాలి.

జ్వరం ఒక రాష్ట్రంలో, లెక్క ఇంకో రాష్ట్రంలో

మహారాష్ట్రలో మలేరియా అంటే ముందు గడ్చిరోలి పేరే వస్తుంది. కాబట్టి జ్వరం అనగానే ఆశా కార్యకర్త వేలు గుచ్చి మలేరియా కిట్ చూస్తుంది. అది సరైన పనే, ఫాల్సిపారం రకం మలేరియాకు మందు ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. చిక్కంతా కిట్ నెగెటివ్ వచ్చాక మొదలవుతుంది. అక్కడి నుంచి ఏ జ్వరమైనా "వైరల్". ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి సూది. తగ్గితే సరే. తగ్గకపోతే వంతెన దాటాలి. ప్రాణహిత మీదా గోదావరి మీదా వంతెనలు పడ్డాక సిరొంచ వాళ్లకు జిల్లా కేంద్రం గడ్చిరోలి కన్నా మంచిర్యాల, భూపాలపల్లి, వరంగల్ దగ్గర. భాష కూడా అదే. రోగి వరంగల్‌లో చేరితే అక్కడి రికార్డులో జ్వరం అక్కడిదే అన్నట్టు పడుతుంది. ఏ వాగు పక్కన పిడుదు కుట్టిందో అడిగేవాళ్లుండరు. అడ్రస్ కాలంలో చాలాసార్లు బంధువుల ఊరు ఉంటుంది. పక్క రాష్ట్రం ఆరోగ్య కార్డు అక్కడ చెల్లదేమోనన్న భయం దానికి కారణం కావచ్చు. అటునుంచి కూడా ఇదే. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల కూలీలు జనవరి నుంచి మిర్చి ఏరడానికి తెలంగాణ జిల్లాలకు పోతారు. అక్కడ పడ్డ జ్వరంతో తిరిగి వస్తారు.

ఈ గందరగోళంలో ఎక్కువగా తప్పిపోతున్నవి భయపెట్టే కొత్త వైరస్‌లు కావు, సులువుగా నయమయ్యే పాత జబ్బులు. స్క్రబ్ టైఫస్ పిడుదు వల్ల రాదు. పొదల్లో ఉండే మైట్ అనే సూక్ష్మ పురుగు పిల్ల కుడితే వస్తుంది. తొలకరిలో పిల్లలు ఏరుకుని ఆడుకునే ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగుకు ఇది దూరపు చుట్టం, కానీ ఆరుద్ర వల్ల ఏ హానీ లేదు. పేపర్లు స్క్రబ్ టైఫస్‌నూ పిడుదుల జ్వరాన్నీ కలిపేసి రాస్తుంటాయి. 2018లో నాగ్‌పూర్ చుట్టుపక్కల స్క్రబ్ టైఫస్ విజృంభించింది, 2023 సెప్టెంబర్‌లో ఒడిశాలోని బర్‌గఢ్ జిల్లాలో మరణాలు వార్తల్లోకి వచ్చాయి. అంటే ఈ తాలూకాకు ఉత్తరానా ఈశాన్యానా ఉంది, ఇక్కడ లేకుండా ఎలా ఉంటుంది? కుక్కల మీది గోధుమరంగు పిడుదు వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్ దీని లాంటిదే. అరచేతులు, అరికాళ్లకు కూడా దద్దు పాకడం దాని గుర్తు. రెండిటికీ మందు డాక్సీసైక్లిన్. చవకైన మాత్ర, ఏ పీహెచ్‌సీలోనైనా ఉంటుంది. ముందే ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. స్క్రబ్ టైఫస్‌లో కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. అది చంకలోనో గజ్జల్లోనో రొమ్ము కిందో ఉంటుంది, బట్టలు తీసి చూడకపోతే దొరకదు. ఆడ రోగిని మగ డాక్టర్ అలా చూడటం మన దగ్గర ఎంత అరుదో తెలిసిందే. కాబట్టి ఈ పని నర్సుకు నేర్పాలి.

కోతుల జ్వరం అయితే డాక్సీసైక్లిన్ పనిచేయదు. కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజులకు హఠాత్తుగా గట్టి జ్వరం, నుదుటి నొప్పి, ఒళ్లు విరుచుకుపోయే నొప్పులు, వాంతులు. కొందరిలో చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ నెత్తురు. చాలామంది వారం పది రోజుల్లో తేరుకుంటారు, కొందరిలో మూడో వారంలో జ్వరం తిరగబెట్టి మెదడు వైపు పోతుంది. ప్రత్యేకమైన మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, నెత్తురు పోకుండా కాచుకోవడం, అంతే. నెత్తురులో వైరస్ దొరికేది మొదటి రోజుల్లోనే, తర్వాత ఐజీఎం పరీక్షే దిక్కు. సిరొంచలో తీసిన నమూనా చల్లదనం చెడకుండా పుణె చేరాలంటే రాష్ట్రం మొత్తం దాటాలి. తెలుగు పక్కన ల్యాబులు ఇంతకన్నా దగ్గర. కానీ నమూనాలు నదిని దాటవు, రోగులే దాటుతారు.

కోతి చచ్చిన కబురు ఇంకో దారిలో పోతుంది. చచ్చిన కొండెంగను ముందు చూసేది మేకల కాపరి లేదా తునికాకుకు పోయిన మనిషి. వాళ్లు చెబితే అటవీ శాఖకు. పశువుల డాక్టర్ వేరే శాఖ. జ్వరాలు ఆరోగ్య శాఖ. ముగ్గురూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాలన్న వన్ హెల్త్ మాట ఢిల్లీలో బాగా వినిపిస్తుంది. శివమొగ్గలో అది చాలావరకు జరుగుతుంది కూడా. అక్కడ కోతి చస్తే ఊరివాళ్లే ఫోన్ చేస్తారు, ఎందుకంటే ఆ జ్వరంతో వాళ్ల ఇళ్లలో మనుషులు పోయారు. జబ్బు ఎరగని జిల్లాలో ఆ భయం ఉండదు, ఉండాలని కోరుకోవడమూ బాగుండదు. అక్కడ ఇంకేదో దారి చూడాలి.

టీకా మీద ఆశ పెట్టుకోలేం. 1990 నుంచి కర్ణాటకలో వేస్తూ వచ్చిన పాత టీకా సరిగా పనిచేయడం లేదని తేలి 2022లో ఆపేశారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్‌తో కలిసి ఐసీఎంఆర్ కొత్తది తయారుచేస్తోంది. అది వచ్చినా మొదట కనుమల జిల్లాలకే పోతుంది, పోవాలి కూడా. ఇక్కడ మిగిలేది పాత జాగ్రత్తలే. పిడుదులు దరిచేరకుండా డీఆర్‌డీఓ తయారుచేసిన డెపా నూనెను అడవికి పోయేముందు కాళ్లకూ చేతులకూ రాసుకోవడం, నిండా బట్టలు, తిరిగి రాగానే వేడినీళ్లతో స్నానం చేసి బట్టలు నానబెట్టడం, పిడుదు పట్టి ఉంటే కిరసనాయిలు పోయకుండా, కాల్చకుండా, చర్మానికి దగ్గరగా చిమటాతో పట్టుకుని నిదానంగా లాగడం.

కర్ణాటకలో జబ్బు పెరిగేది డిసెంబర్ నుంచి మే దాకా. సిరొంచలో ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లలో, తునికాకు ఏప్రిల్, మేలలో. ఊరు మొత్తం తెల్లవారకముందే అడవిలో ఉండే రోజులవి. ఇక్కడి పిడుదుల క్యాలెండర్ కనుమల్లో ఉన్నట్టే ఉండాలని లేదు. ఎండ ముదిరాక పిల్లలు ఆకుల అడుక్కి పోయి ఉండవచ్చు. అది తేలాలంటే తెల్లటి గుడ్డను నేల మీద ఈడ్చి, దానికి అంటుకున్న పిడుదులను నెలనెలా లెక్కపెట్టాలి. ఒక గుడ్డ, ఒక సీసా, ఏ రకమో గుర్తుపట్టగల ఒక మనిషి ఉంటే చాలు. జ్వరాల లెక్కకు కూడా కొత్త యంత్రాంగం అక్కర్లేదు. గడ్చిరోలిలో చాలా గ్రామసభలు అటవీ హక్కుల చట్టం కింద తునికాకును సొంతంగా అమ్ముకుంటున్నాయి. ఏ ఇంటి నుంచి ఎవరు ఏ రోజు ఎన్ని కట్టలు తెచ్చారో కల్లం దగ్గర పుస్తకంలో పేరుతో సహా రాస్తారు. వరసగా తెచ్చిన మనిషి మూడు రోజులు రాకపోతే ఆ పుస్తకంలోనే ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీల పక్కన "జ్వరం" అని ఒక గడి పెట్టి, సీజన్ అయిపోయేదాకా వారానికోసారి ఆ పేజీని పీహెచ్‌సీ డాక్టర్‌కు, వంతెన అవతల భూపాలపల్లి జిల్లా ఆరోగ్య శాఖకు పంపితే, ఏ రాష్ట్రం ఆసుపత్రిలో చేరినా ఆ మనిషి ఏ అడవి నుంచి వచ్చాడో తెలిసిపోతుంది.